బోయొస్తా

మా పై పోర్షన్ ఖాళీ అయిన రెండో నెలలో, ఒక మధ్యాహ్నం మూడింటికి, అక్కడ ఎవరో నడిచారు. పదకొండు అడుగులు, ఒక మలుపు, మళ్ళీ పదకొండు అడుగులు. నేను కింద వంటింట్లో చింతపండు పిసుకుతున్నాను. చెయ్యి గిన్నెలోనే ఉండిపోయింది. ఎలుకలేమో అనుకుందామంటే ఎలుకలు లెక్కపెట్టి నడవవు. పక్కింటి పిల్లి అనుకుందామంటే పిల్లి గోడ దాకా పోయి, వెనక్కి తిరిగి అదే దారిన రాదు. నాకు ఆ నడక తెలుసు, అదే నా భయం. రెండేళ్ళు రోజూ నెత్తిమీద విన్న నడక అది. కాకపోతే ఈసారి కాస్త మెల్లగా, అలసిపోయినట్టు ఉంది. అలా నడిచే పిల్ల సముద్రాల అవతల ఉంది. ఉందో లేదో కూడా అప్పటికి నాకు తెలియదు.

మొదటి నుంచి చెప్తాను. నేను తెలుగు చెప్పుకుని బతికే మనిషిని. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల దుకాణం పైన, మూడో అంతస్తులో, పోటీ పరీక్షలకు చదివే పిల్లలకు సంధులు, సమాసాలు, క్రియలు చెప్తాను. పొద్దున ఒక బ్యాచ్, సాయంత్రం ఒక బ్యాచ్. మధ్యలో మెట్రో ఎక్కి ఎల్బీనగర్ వచ్చి, ఇంత తిని నడుం వాలుస్తాను. ముక్కు మీద కోపం, నోట్లో దిద్దుబాటు, ఈ రెండూ నాకు పుట్టుకతో వచ్చాయని అమ్మ అంటుంది. పెళ్ళి చేసుకోలేదు, ఆ కథ వేరే. ఇంట్లో నేనూ అమ్మా ఇద్దరమే. నాన్న బస్సు డ్రైవరు, ఆయన పోయి పన్నెండేళ్ళు. ఆయన కట్టించిందే ఈ ఇల్లు. పైన ఒక గది, ఇరుకు వంటిల్లు, ముందు కుర్చీ వేసుకునేంత జాగా.

ఆ పిల్ల ఒక స్నేహితురాలిని వెంటబెట్టుకుని ఆ గది చూడ్డానికి వచ్చింది. ఇరవై ఆరేళ్ళుంటాయి. యూనివర్సిటీలో పీజీ చేస్తోంది. ఏ దేశం అని అడిగితే పాలస్తీనా అంది. అమ్మకు ఆ పేరు తలకెక్కలేదు. ఏ ఊరు అని నేనే మళ్ళీ అడిగాను. బెత్లెహేముకు ఆనుకుని ఒక శరణార్థుల క్యాంపు ఉందట, అక్కడే పుట్టిందట. అంతే, అమ్మ కుర్చీలోంచి లేచింది. మేము హయత్‌నగర్ అవతలి పల్లె నుంచి వచ్చిన క్రైస్తవులం. "బెత్లెహేమా? యేసయ్య ఊరా?" అని ఆ పిల్ల రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. కిరాయి మాట, కరెంటు బిల్లు మాట ఎత్తనివ్వలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది గానీ ఏం చేస్తాను?

ఆ పిల్ల మాత్రం మా అమ్మ సంబరం చూడకుండా గది కొలుస్తోంది. వెనక గోడకు వీపు ఆనించి నిలబడి తలుపు దాకా నడిచింది. "పదకొండు," అంది ఇంగ్లీషులో. "మా ఇంట్లో కూడా పదకొండే." ఎందుకు లెక్కపెడుతున్నావంటే నవ్వి ఊరుకుంది.

తర్వాతి ఆదివారం చర్చిలో అందరికీ చెప్పేసింది అమ్మ, మా ఇంట్లో బెత్లెహేము పిల్ల దిగిందని. పాస్టరుగారు, నలుగురు ఆడవాళ్ళు ప్రత్యేకం చూడ్డానికి వచ్చారు. పిల్లకు చెమటలు పట్టాయి. కాసేపు నసిగి, "నేను ముస్లిమ్‌ని అమ్మా," అని చెప్పేసింది. నాకు నవ్వాగలేదు. అమ్మే ముందు తేరుకుంది. "అయితే ఏంది? ఊరు గదే కద! నక్షత్రం ఆళ్ళ ఇంటి మీదికెళ్ళే పోయుంటది," అంది. ఆ డిసెంబరులో మా కింది గుమ్మానికి కట్టాల్సిన కాగితం నక్షత్రాన్ని పై పోర్షన్ గుమ్మానికి కట్టించింది, మీ ఊరిదే అంటూ. మళ్ళీ దాన్ని విప్పనివ్వలేదు.

నడక సంగతి నెల తర్వాత తెలిసింది. ఆ పిల్ల కవి. అయితే కాగితం మీద రాసే కవి కాదు. నిలబడి, జనం ముఖం చూస్తూ, గొంతుతో చెప్పే కవి. చిన్నప్పుడు వాళ్ళింట్లో సైనికులు సోదాకు వచ్చి తన నోటు పుస్తకం పట్టుకుపోయారట. పదేళ్ళ పిల్ల రాసుకున్న పిచ్చి రాతలు. అప్పటి నుంచి ఏదీ రాయదు. నడుస్తూ కడుతుంది, నడుస్తూ గుర్తుపెట్టుకుంటుంది. ఒక్కో అడుగుకు ఒక్కో ముక్క. "పాదాల్ని ఎవరూ పట్టుకుపోలేరు కదా అక్కా," అంది. మధ్యాహ్నం మూడింటికి వీధి అంతా కునుకు తీస్తుంది, పాత సామాన్లు కొనే ఆటో మైకు ఒక్కటే అరుచుకుంటూ పోతుంది. అప్పుడు పైన తన పని మొదలుపెట్టేది.

నాకు మాటలు వినపడేవి కావు, స్లాబు మందం. అడుగులే వినపడేవి. కొన్నాళ్ళకు ఏ కవితో అడుగుల్ని బట్టి చెప్పగలిగేదాన్ని. నాలుగో అడుగు దగ్గర ఆగి, నిట్టూర్చినంత సేపు ఆగి, మళ్ళీ కదిలితే వాళ్ళ నానమ్మ మీద చెప్పింది. గబగబా నడిచి మలుపు దగ్గర కాలు నేలకేసి కొడితే వాళ్ళ ఊరి గోడ మీదిది. ఇంకొకటి ఉండేది. ఏ అడుగు దగ్గరా ఆగదు, పెరగదు, తగ్గదు. గడియారం నడిచినట్టు నడుస్తుంది. అది పేర్ల కవిత. సెలవుల్లో క్యాంపు పిల్లలకు ఫోనులోనే కవిత చెప్పడం నేర్పేది. వరసగా నిలబడి, సిగ్గుపడకుండా, మీ పేరు గట్టిగా చెప్పండి అనేదట, మొదటి పాఠం అదే. ఆ పిల్లల్లో, వాళ్ళ అన్నల్లో, ఎవరైనా చనిపోతే ఆ పేరు కవితలో చేరుతుంది. అడుగుకొక పేరు.

అది తెలిశాక నేను లెక్కపెట్టడం మానలేకపోయాను. చింతపండు పిసుకుతూ, బట్టలు మడతపెడుతూ లెక్కపెట్టేదాన్ని. మొదట్లో రెండు మలుపులతో అయిపోయేది. వానాకాలం వచ్చేసరికి ఐదు మలుపులు. ఒకరోజు తొమ్మిదో మలుపు తర్వాత కూడా ఆగకపోతే ఫ్యాను ఫుల్లు స్పీడులో పెట్టుకుని పడుకున్నాను. అమ్మ మాత్రం నాలా చెవులు మూసుకునే రకం కాదు. "ఆ పేర్లు నాక్కూడ నేర్పు బిడ్డా, ప్రార్థనల పెడ్త," అని పిల్లను కూర్చోబెట్టుకుంది. అరబ్బీ పేర్లు అమ్మ నోట్లో పడి మా పల్లె పేర్లలాగే తయారయ్యాయి. ఆ పిల్ల ఒక్కదాన్ని కూడా దిద్దలేదు. నేనైతే దిద్దేదాన్ని.

ఇక గేటు దగ్గరి మాట సంగతి. మేము బయటికి వెళ్తూ "పోతున్న" అనం. పోవడమంటే మాకు చావడం కూడా. "పోయొస్తా" అంటాం. ఇంట్లో ఉన్నవాళ్ళు "పోయిరా" అంటారు. ఆ పిల్లకు ముందు వచ్చిన ముక్క పోతున్న. మొదటిసారి గేటు దగ్గర ఆ మాట అనగానే అమ్మ వంటింట్లోంచి గరిటెతో పరుగెత్తుకొచ్చింది. "ఏయ్! పోతున్న అనకు! పోయొస్తా అనాలె!" పిల్ల బిత్తరపోయింది. నేను టీచరమ్మ పద్ధతిలో వివరించాను. 'పోయి' అనేది అసమాపక క్రియ, దానంతట అది వాక్యాన్ని ముగించలేదు, వెనక ఇంకో క్రియ వచ్చి తీరాలి, ఆ రావాల్సిన క్రియ ఇక్కడ 'వస్తా' అని. పిల్ల ఆ రెండు క్రియల్నీ వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. "మా నానమ్మకు ఈ మాట తెలిసి ఉంటే బాగుండేది," అంది చివరికి. వాళ్ళ నానమ్మ యుద్ధంలో సొంత ఊరు వదిలి వచ్చేటప్పుడు రెండు రోజుల్లో తిరిగి వెళ్తామనుకుని పొయ్యి మీద గిన్నె కూడా దించలేదట.

సరే అని పోయొస్తా నేర్చుకుంది. కాకపోతే 'ప' పలకదు. ఇంగ్లీషులో బాగానే పలుకుతుంది, తెలుగులోకి వచ్చేసరికి 'బ' అయిపోతుంది. "బోయొస్తా అమ్మా!" మా భాషలో 'ప' లేదక్కా అంటే, మీ దేశం పేరులోనే ఉంది కదా అన్నాను. "అది మీరు పలికే పేరు. మేము ఫ అంటాం," అంది. అమ్మ ఊరుకుంటుందా? పప్పు, పాలు, పండు అంటూ రోజూ పాఠమే. బప్పు, బాలు, బండు. నేను నెత్తి కొట్టుకునేదాన్ని.

ఆ తర్వాత అది ఆటగా మారింది. అమ్మను ఉడికించడానికి కావాలనే గేటు దాకా వెళ్ళి "బోతున్న" అని అరిచేది. అరిచి అక్కడే నిలబడేది. అమ్మ ఊగిపోతూ వచ్చి తిట్టేది. తిట్టు తిన్నాక పకపకా నవ్వి "బోయొస్తా, బోయొస్తా" అంటూ మెట్రో స్టేషన్ వైపు పరుగు. అమ్మ వెనక నుంచి "పోయిరా బిడ్డా, మంచిగ పోయిరా," అనేది. ఆ తిట్టు తినకుండా ఆ పిల్ల గేటు దాటిన రోజు లేదు.

ఒకసారి నన్ను తన కార్యక్రమానికి తీసుకెళ్ళింది, నగరానికి అటు చివర ఒక కాఫీ హోటలుకు. నేను పట్టుచీర కట్టుకుని వెళ్ళి అభాసుపాలయ్యాను, అందరూ జీన్సుల్లో ఉన్నారు. మైకు ముందు ఆ పిల్లను చూస్తే మా పై పోర్షన్ పిల్లే కాదు. చేతులు కదలవు, కళ్ళు కదలవు, గొంతు ఒక్కటే. కప్పులు చప్పుడు చేయడం మానేశాయి. ఇంగ్లీషులో నానమ్మ కథ చెప్తూ చెప్తూ, చివర, ఎల్బీనగర్‌లో ఒక ముసలమ్మ ఉంది, ఆమె భాషలో తిరిగొస్తానని మాటివ్వకుండా ఇంట్లోంచి కాలు బయటపెట్టనివ్వరు అని, తెలుగులో ఒకే మాట అంది. బోయొస్తా. నాకు ఏడుపొచ్చింది. ఎందుకు దాచాలి, బాగా ఏడ్చాను.

ఆ మాటే కొంప ముంచింది.

వాళ్ళ దేశంలో యుద్ధం ముదిరాక ఆ పిల్ల ప్లకార్డు పట్టుకుని వీధుల్లో కూడా నిలబడడం మొదలుపెట్టింది. ఎవరో వీడియో తీశారు. అందులో కూడా చివర ఆ మాటే అంది. తిరిగి తిరిగి వీడియో మా కాలనీ వాట్సాప్ గ్రూపులోకి వచ్చింది. ముఖానికి స్కార్ఫు ఉంది, గుర్తుపట్టేవాళ్ళు కాదు. కానీ "బోయొస్తా" అని రోజూ గేటు దగ్గర అరిచే పిల్ల ఎవరో వీధి మొత్తానికి తెలుసు. కాలనీ పెద్ద, గుంటూరు వైపాయన, మర్యాదస్తుడు, ఇంటికి వచ్చి కూర్చున్నాడు. "ఏమండీ టీచరుగారూ, మీరంటే మాకు గౌరవమండీ. ఆ అమ్మాయి మంచిదే కావచ్చు. రేపేదైనా అయితే ఇద్దరు ఆడవాళ్ళు, మీరు తట్టుకోగలరా? ఆలోచించుకోండి," అన్నాడు. మర్నాడు పోలీసు స్టేషను నుంచి మామూలు బట్టల్లో ఒకాయన వచ్చి ఆ పిల్ల కాగితాలు అడిగాడు. అన్నీ సరిగ్గా ఉన్నాయి. రెండు రోజుల తర్వాత మళ్ళీ వచ్చి మళ్ళీ అడిగాడు.

నేను జడిసిపోయాను. ధైర్యస్తురాలినని చెప్పుకోను. వీధిలో మాది ఒక్కటే శిలువ ఉన్న గుమ్మం, ఎవరి కంటా పడకుండా బతకడం నాకు అలవాటు. అమ్మ మా పిన్ని ఇంటికి హయత్‌నగర్ వెళ్ళి మూడు రోజులుంది. ఆ మూడు రోజులు చూసుకుని పైకి వెళ్ళి చెప్పేశాను. "వేరే ఇల్లు చూసుకోమ్మా." ఎందుకని అడగలేదు ఆ పిల్ల. అడిగి ఉంటే కోపం తెచ్చుకుని ఏదో ఒకటి అనేదాన్ని. "రెండు గంటలు టైమివ్వండి అక్కా," అంది. రెండు సంచులు, ఒక పెట్టె. అంతే సామాను.

ఆటో వచ్చింది. గేటు దగ్గర నిలబడి నా వైపు తిరిగింది. "పోతున్న అక్కా," అంది.

'ప'. స్పష్టంగా, మా క్లాసు పిల్లలు కూడా పలకలేనంత శుద్ధంగా. నా చెవి అక్షరం దగ్గరే ఆగిపోయింది, అరె, వచ్చేసిందే అని. ఆ పిల్ల కదల్లేదు. నిలబడింది. నా ముఖం చూస్తూ నిలబడింది. ఆటోవాడు హారన్ కొట్టాడు. నేను గేటు గడియ పట్టుకుని, పక్కింటి వాళ్ళు చూస్తున్నారేమోనని అటు చూస్తున్నాను. తిట్టలేదు, దిద్దలేదు. ఊళ్ళో వాళ్ళ తప్పులన్నీ దిద్దే నోరు, ఆ ఒక్క తప్పు దిద్దలేదు. ఆమె తల వంచుకుని ఆటో ఎక్కింది.

అమ్మ వచ్చి పైకి చూసి, తాళం చూసి, నన్ను చూసింది. "వీసా పని పడిందట, ఇంటికి పోయింది," అన్నాను. ఆ అబద్ధం వారంలో నిజమైంది, ఆ పిల్ల నిజంగానే వాళ్ళ దేశానికి వెళ్ళిపోయింది. కానీ అమ్మ అప్పుడడిగింది అది కాదు. "పోయేటప్పుడు ఏమన్నది?"

"పోయొస్తా అన్నది."

"నువ్వు పోయిరా అన్నవా?"

"అన్న."

"గంతే సాలు," అని అమ్మ చీర కుచ్చిళ్ళు సర్దుకుని లోపలికి వెళ్ళింది. ఆ తర్వాత టులెట్ బోర్డు కట్టనివ్వలేదు. ఎవరైనా వచ్చి అడిగితే "మనిషున్నది, ఊరికి పోయింది," అని పంపించేసేది. నాకు వచ్చింది ఒకే ఒక్క మెసేజి, ఇల్లు చేరాను అక్కా అని. సిగ్గుతో రెండు రోజులు జవాబివ్వలేదు. ఇచ్చాక దానికి ఒక్కటే టిక్కు పడింది. వారం, నెల, ఒక్కటే టిక్కు. కాఫీ హోటలు వాళ్ళనడిగాను, యూనివర్సిటీ స్నేహితురాలినడిగాను. వాళ్ళకూ అంతే. అప్పుడు మొదలైంది పైన నడక.

రోజూ కాదు. రెండు రోజులకోసారి, మూడింటికి. పేర్ల కవిత, అదే. పైకి వెళ్ళి చూడొచ్చు కదా అంటారు. నాకు కాళ్ళు రాలేదు. ముందు గదిలో అమ్మ తలుపు దగ్గరగా వేసుకుని పడుకునేది, లేపి అడగొచ్చు. అడిగితే ఆ పిల్ల మాట వస్తుంది, అది వస్తే నా అబద్ధం దాకా వస్తుంది. అందుకని చేతిలో పని పట్టుకుని, నోట్లో లెక్కపెట్టుకుంటూ కూర్చునేదాన్ని. తొమ్మిది మలుపులు. పది. ఎవరు కలుపుతున్నారు ఆ పేర్లు? నడక ఆగగానే ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉండేది. సంపు మూత మీద నీటి చుక్క పడినా ఉలిక్కిపడేదాన్ని.

నాలుగో నెలలో ఒకరోజు పొద్దున క్లాసులో అసమాపక క్రియలు చెప్తున్నాను. బోర్డు మీద 'పోయి' అని రాశాను. వెనక ఏం రాయాలో చేతికి తెలుసు, ఇరవై ఏళ్ళుగా రాస్తున్నదే. రాయలేకపోయాను. చాక్‌పీసు బోర్డుకు ఆనించి నిలబడ్డాను. వెనక బెంచీలోంచి ఒక పిల్ల, "మేడం, పోయి తర్వాత ఏంది మేడం?" అని అడిగింది. ఆ గొంతు నాకు గేటు దగ్గరి నుంచి వచ్చినట్టే వినపడింది. తలనొప్పని చెప్పి క్లాసు మధ్యలో వదిలేసి ఇంటికి వచ్చేశాను.

ఆ మధ్యాహ్నం మూడయింది. ఈసారి లేపి అడిగేద్దామని ముందు గది తలుపు తీశాను. అమ్మ మంచం ఖాళీ. మేకుకు పై పోర్షన్ తాళంచెవి లేదు. నెత్తిమీద నడుస్తున్నారు.

మెట్లెక్కాను. పద్దెనిమిది మెట్లు, అన్నీ లెక్కపెట్టాను. పట్టపగలు ఎండలో ఆ కాగితం నక్షత్రం లోపలి బల్బు వెలుగుతోంది. తలుపు ఓరగా ఉంది. లోపల అమ్మ. మోకాళ్ళు పట్టేసి చర్చి మెట్లు కూడా ఎక్కలేని మా అమ్మ, ఒక చెయ్యి గోడకు ఆనించి, కళ్ళు సగం మూసుకుని నడుస్తోంది. అడుగుకొక పేరు. మా పల్లె యాసలో అరబ్బీ పిల్లల పేర్లు. గోడ దాకా వెళ్ళి తిరిగింది, నన్ను చూసింది, ఆగలేదు. వరస పూర్తిచేసి తలుపు దగ్గర ఆగింది.

"ప్రార్థన చేస్తున్న," అంది. "టీవీల ఏ బిడ్డ పేరన్న చెప్తే అదీ కలుపుతున్న."

"ఇట్ల ఎక్కి దిగుతే మోకాళ్ళు ఏం గావాలె?" అని కసురుకున్నాను. భయపడ్డ ప్రతిసారీ నాకు కోపమే ముందు వస్తుంది.

అమ్మ నేల మీద కూర్చుని మోకాళ్ళు నిమురుకుంది. "ఒక్కటి అడుగుత చెప్పు. దాని పేరు కలపాల్నా, వద్దా? ఫోను లేదు, ఉత్తరం లేదు. పక్కింటామె కలుపుమంటది. నేను కలపలే. పోయొస్తా అన్నది కద. అన్నంక ఎట్ల కలుపుత?"

ఇక దాచలేకపోయాను. ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పేశాను. కాలనీ పెద్ద, కాగితాల మనిషి, నా పిరికితనం. "పోయొస్తా అనలేదమ్మా. పోతున్న అన్నది. నిలబడ్డది. నేనేం అనలే."

అమ్మ నన్ను కొట్టి ఉంటే బాగుండేది. కొంగుతో ముఖం తుడుచుకుంది. తర్వాత, "మీ నాయన గూడ గట్లనే అన్నడు," అంది. నాకు తెలియని సంగతి. ఆఖరి రోజు డ్యూటీకి ఆలస్యమై, చొక్కా గుండీలు పెట్టుకుంటూ పోతున్న అన్నాడట. అమ్మ రొట్టె కాలుస్తోంది. రొట్టె మాడుతుందని ఊరుకుంది. అప్పటి నుంచి ఎవరు ఆ మాటన్నా గరిటె పట్టుకుని పరుగెత్తడం. పన్నెండేళ్ళు నేను దాన్ని ముసలమ్మ చాదస్తం అని నవ్వాను.

"అది నిజంగ పోతున్న అనలేదే," అంది అమ్మ. "తిట్టు కోసం అన్నది. తిడితే మల్ల రమ్మన్నట్టు. నిలబడి సూసింది, నువ్వు తిడ్తవేమో అని." ఆ మాటతో నా ఏడుపు కట్ట తెగింది. "పేరు కలుపుతవా?" అని అడిగాను. "కలప," అంది. "దాని తిట్టు ఇంక మన దగ్గర్నే ఉన్నది."

ఆ రోజుతో అమ్మ మోకాళ్ళు వాచిపోయాయి. డాక్టరు మెట్లు ఎక్కవద్దన్నాడు. పై గదికి తాళం వేసి తాళంచెవి నా బ్యాగులో పెట్టుకున్నాను. వారం గడిచింది, పైన చప్పుడు లేదు. ఆ నిశ్శబ్దానికి కూడా అలవాటు పడుతున్నాను.

నిన్న మధ్యాహ్నం ముందు గదిలో ఇద్దరం కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాం. అమ్మ కాళ్ళు స్టూలు మీద ఉన్నాయి. తాళంచెవి నా బ్యాగులో, బ్యాగు నా పక్కన. పాత సామాన్ల ఆటో మైకు వీధి చివర దాకా అరుచుకుంటూ వెళ్ళి వినపడకుండా పోయింది. అప్పుడు పైన అడుగు పడింది. ఇంకోటి. మెల్లగా కాదు, అలసటగా కాదు. చురుగ్గా, మడమ ముందు ఆనేట్టు. పదకొండు, మలుపు, పదకొండు. అమ్మ చేతిలో చిక్కుడుకాయ ఆగిపోయింది. నా వైపు చూసింది. నేనిక్కడే ఉన్నానా అని చూసినట్టుంది, నేనూ ఆమెను అలాగే చూశాను.

లేచి నిలబడ్డాను. స్లాబు వైపు ముఖమెత్తి, వీధంతా వినపడేట్టు, పక్కింటివాళ్ళు వింటే విననీ అని, నా గొంతులో ఉన్న కోపమంతా పెట్టి అరిచాను. "ఏయ్! పోతున్న అనకు! పోయొస్తా అనాలె!"

నడక ఆగింది. మలుపు దగ్గర కాదు, ఏడో అడుగు దగ్గర.

"ఇన్నది," అంది అమ్మ గుసగుసగా.

ఇద్దరం పైకి చూస్తూ ఉన్నాం. చిక్కుడుకాయల గిన్నె మధ్యలో అలాగే ఉంది. ఏడో అడుగు దగ్గర నిలబడి ఉంది, ఎనిమిదోది పడలేదు. జవాబు రావాలి. 'ప' పలకక్కర్లేదు, నేను దిద్దను. బో అన్నా చాలు.